వినపడని బేస్ గిటార్: ఒక మెటల్ ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేస్తే ఏం మారుతుంది?

అమెరికన్ హెవీ మెటల్ బృందం మెటాలికా 1988లో విడుదల చేసిన ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. వాటి మొత్తం నిడివి 65 నిమిషాలు. ఆల్బమ్ పొడవునా బేస్ గిటార్ వాయించిన జేసన్ న్యూస్టెడ్ పేరు అట్ట మీద స్పష్టంగానే కనిపిస్తుంది గాని, ఆయన వాయించినది మాత్రం మామూలు స్పీకర్లలో వినే శ్రోత చెవికి దాదాపు ఎక్కడా అందదు. ఆల్బమ్ విజయానికి ఈ లోటు అడ్డు రాలేదు. ఒక్క అమెరికాలోనే 80 లక్షల ప్రతుల స్థాయి ధ్రువీకరణ దానికి దక్కింది, అందులోని ‘వన్’ అనే పాట 1990లో మెటల్ విభాగపు గ్రామీ పురస్కారం అందుకుంది. అయినా ఈ ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేసి బేస్‌ను బయటికి తీసుకురావాలని అభిమానులు మూడు దశాబ్దాలకు పైగా కోరుతూనే ఉన్నారు. ఒక మీటను కాస్త పైకి జరిపితే తీరిపోయే కోరికలాగే ఇది పైకి కనిపిస్తుంది. కాని ధ్వనిశాస్త్రం దృష్టితో ఆ పాటల్లోకి తొంగిచూస్తే, మీటను ఎంత జరిపినా ఆ ఒక్క పనితో బేస్ బయటపడదని, దాన్ని మింగేసిన వాద్యాలను కూడా కదిలించక తప్పదని తెలుస్తుంది.

తెలుగు సినిమా శ్రోతకు రీమిక్స్ అనగానే పాత పాటకు కొత్త దరువు తొడిగి మళ్లీ పాడించడం గుర్తుకొస్తుంది కనుక, ఇక్కడ ఆ మాటకున్న అర్థాన్ని ముందే చెప్పుకోవాలి. స్టూడియోలో డ్రమ్ములు, గిటార్లు, బేస్, గాత్రం విడివిడిగా రికార్డవుతాయి. 1980ల నాటి స్టూడియోల్లో రెండు అంగుళాల వెడల్పున్న అయస్కాంత టేపు మీద 24 సమాంతర దారుల్లో, అంటే 24 ట్రాకుల్లో, ఇవి పక్కపక్కన నిలిచేవి. ఈ ట్రాకులన్నింటినీ ఒక మిక్సింగ్ బల్ల మీదికి తెచ్చి, ఏది ఎంత గట్టిగా వినిపించాలో, ఏది ఎడమకు ఏది కుడికి పోవాలో, దేనిలో ఏ పౌనఃపున్యాలు పెంచాలో తుంచాలో నిర్ణయించి రెండే రెండు ఛానెళ్ల స్టీరియోగా దించడమే మిక్సింగ్. అలా దించిన స్టీరియోకు తుది మెరుగులు దిద్ది, సీడీకో ఎల్పీకో తగిన స్థాయిలో తయారు చేయడం మాస్టరింగ్. పాత ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసే ఇంజనీరు చేతిలో ఉండేది ఆ కలిసిపోయిన స్టీరియో ఒక్కటే కాబట్టి, బేస్ పెంచాలని ఆయన 80 హెర్ట్జ్ ప్రాంతాన్ని ఎత్తితే బేస్‌తో పాటు గిటార్ అడుగుభాగం, డ్రమ్ముల దెబ్బ కూడా లేస్తాయి. రీమిక్స్ చేసేవారు మాత్రం విడి ట్రాకుల దగ్గరికే తిరిగి వెళతారు. మెటాలికా 2018లో ఈ ఆల్బమ్‌ను ఘనంగా పునర్విడుదల చేసినప్పుడు చేయించింది రీమాస్టరింగ్ మాత్రమే, అందుకే బేస్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

బేస్ ఎందుకు ఇలా మరుగున పడిందో తెలియాలంటే కొంత చరిత్ర అవసరం. అంతకుముందు బృందంలో బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో మరణించారు. ఆయన స్థానంలో వచ్చిన న్యూస్టెడ్ లాస్ ఏంజిలిస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో తన భాగాలను మిగతా సభ్యులెవరూ దగ్గర లేకుండా, ఒక సహాయక ఇంజనీరు తోడుగా రికార్డు చేశారు. గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వాయించిన వరుసలనే ఆయన చాలావరకు యథాతథంగా ఒక స్థాయి కింద వాయించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో స్టీవ్ థామ్సన్, మైఖేల్ బార్బియెరో మిక్సింగ్ చేస్తున్న రోజుల్లో బృందం పెద్ద మైదానాల పర్యటనలో ఉంది. కచేరీల హోరులో అలసిన చెవులతోనే సభ్యులు మిక్సింగ్‌కు వచ్చి పోయేవారని హెట్‌ఫీల్డ్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. బేస్‌ను బాగా తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కోరినట్లు థామ్సన్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. కొత్తవాడిని ఏడిపించడానికే అలా చేశారన్న వాదన అభిమానుల్లో బలంగా ఉన్నా, వ్యక్తుల మీదికి నెట్టేసే ఆ వివరణ సగం కథే చెబుతుంది. ఫేడర్ అనే ఆ మీటను ఎవరు దించారన్నది ఒక ప్రశ్న అయితే, దించకపోయినా ఆ బేస్ ఎంతవరకు వినిపించేదన్నది అంతకన్నా ఆసక్తికరమైన ప్రశ్న.

నాలుగు తంతుల బేస్ గిటార్‌లో అన్నింటికన్నా లావు తంతిని ఏమీ నొక్కకుండా మీటితే అది సెకనుకు సుమారు 41.2 సార్లు కంపిస్తుంది. గిటార్ లావు తంతి అందుకు సరిగ్గా రెట్టింపుగా, 82.4 సార్లు కంపిస్తుంది. సంగీత పరిభాషలో రెండూ ఒకే స్వరం, మధ్య ఒక స్థాయి తేడా. బేస్‌ది మంద్ర షడ్జమం అనుకుంటే గిటార్‌ది మధ్య షడ్జమం. అయితే ఏ తంతీ ఒకే పౌనఃపున్యంతో కంపించదు. ప్రాథమిక పౌనఃపున్యంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లున్న అనుస్వరాలు కూడా ఒకేసారి పుడతాయి. తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం చెవికి తోచడానికి ఐదవ అనుస్వరమే కారణం. ఆ లెక్కన బేస్ తంతి నుంచి 41, 82, 124, 165, 206 హెర్ట్జ్‌లు వెలువడితే, గిటార్ తంతి నుంచి 82, 165, 247 వెలువడతాయి. గిటార్ అనుస్వరాల్లో ప్రతి ఒక్కటీ బేస్ అనుస్వరాల్లో ఒకదాని మీద కచ్చితంగా పడుతుంది. బేస్‌కు సొంతమని చెప్పుకోవడానికి మిగిలేవి 41, 124, 206 వంటి బేసి సంఖ్యల అనుస్వరాలే.

ఇంతవరకే అయితే బేస్‌కు కొంత చోటు దక్కేది. కాని మెటల్ సంగీతానికి ప్రాణమైనది పవర్ కార్డ్, అంటే షడ్జమాన్ని, దాని పంచమాన్ని కలిపి ఒకేసారి మీటడం. మన షడ్జ పంచమాల నిష్పత్తి రెండుకు మూడు కనుక గిటార్ షడ్జమం 82.4 హెర్ట్జ్ అయితే పంచమం సుమారు 123.6 హెర్ట్జ్ అవుతుంది, అంటే బేస్ మూడవ అనుస్వరం ఉన్న చోటికే వచ్చి కూర్చుంటుంది. ఆపైన డిస్టార్షన్ ఉంది. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోసినప్పుడు తరంగపు శిఖరాలు తెగిపోయి శబ్దానికి గరుకుదనం వస్తుంది. అలా తెగినప్పుడు లోపలికి వెళ్లిన రెండు పౌనఃపున్యాలు విడివిడిగా బయటికి రాక, వాటి మొత్తాలను, తేడాలను కూడా కొత్తగా పుట్టించి వెంట తెస్తాయి. 123.6లోంచి 82.4 తీసివేస్తే వచ్చేది 41.2, అంటే బేస్ తంతి ప్రాథమిక పౌనఃపున్యమే. రెండింటినీ కూడితే వచ్చేది 206, అంటే బేస్ ఐదవ అనుస్వరమే. గరుకుగా మోగే ఒక్క పవర్ కార్డ్‌లో బేస్ గిటార్ అనుస్వరాల శ్రేణి మొత్తం నీడలాగా ముందే ఉంటుంది. గిటార్ వరుసనే బేస్ కూడా అనుసరించినప్పుడు, పౌనఃపున్యాల పట్టికలో బేస్‌కు తనదంటూ చెప్పుకోదగ్గ గడి ఒక్కటీ మిగలదు. ఈ ఆల్బమ్ పాటల్లో బేస్ లేదన్న సంగతి మామూలు శ్రోత చాలాకాలం గమనించకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. లేని బేస్‌ను గిటార్లే చాలావరకు నటించి చూపాయి.

గిటార్ ఆ పాత్రను పూర్తిగా పోషించలేదన్నదీ నిజమే. పన్నెండు అంగుళాల కోనులు నాలుగు బిగించిన గిటార్ స్పీకర్ పెట్టె సుమారు 80 హెర్ట్జ్ కిందికి దిగేసరికి నీరసపడుతుంది కాబట్టి, 41 హెర్ట్జ్ దగ్గర గాలిని నిజంగా కదిలించే పని బేస్ గిటార్‌దే. అయితే ఆ లోతులో మనిషి చెవి మొద్దుబారి ఉంటుంది. 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్‌ల తీవ్రతలో ఎంత గట్టిగా వినిపిస్తుందో, 40 హెర్ట్జ్ స్వరం అంతే గట్టిగా వినిపించడానికి 80 డెసిబెల్‌లు దాటవలసి వస్తుంది; ఈ సంగతిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. టేబుల్ మీద పెట్టుకునే చిన్న స్పీకరుకూ, ఫోనుకూ ఆ పౌనఃపున్యం అసలు పలకదు. పైగా తక్కువ పౌనఃపున్యాల్లో మన లోపలి చెవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్న శబ్దాలను విడదీయలేదు. జర్మన్ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ జ్వికర్ వినికిడి పరిధిని 24 పట్టీలుగా విభజించి, ఒకే పట్టీలో పడిన శబ్దాల్లో బలమైనది బలహీనమైన దాన్ని కప్పేస్తుందని వివరించారు. ఆ పట్టీల్లో మొట్టమొదటిది 100 హెర్ట్జ్ వరకు విస్తరించి ఉంటుంది. బేస్ 41, గిటార్ 82 రెండూ దానిలోనే ఇరుక్కుంటాయి. పెళ్లి పందిట్లో డోలు మోగుతున్నంతసేపు పక్కవాడు చెవిలో చెప్పే మాట వినపడనట్టే, గిటార్ గట్టిగా మోగుతున్నంతసేపు తగ్గించిన బేస్ ఉండీ లేనట్టే అవుతుంది. ధ్వనిశాస్త్రంలో దీన్ని మాస్కింగ్, అంటే శబ్దాన్ని శబ్దం కప్పడం అంటారు.

ఇక రీమిక్స్ చేయబూనిన ఇంజనీరు బేస్ ఫేడర్‌ను ఆరు డెసిబెల్‌లు పెంచితే, అంటే తరంగపు కంపన పరిమితిని రెట్టింపు చేస్తే, ఏమవుతుంది? పెద్ద స్పీకర్లున్న గదిలో నేల అదురుతుంది, డ్రమ్ముల అడుగుభాగం ఆ హోరులో మసకబారుతుంది, అయినా చిన్న స్పీకర్లలో వినేవారికి బేస్ ఏ స్వరం వాయిస్తున్నదో తెలియదు. అందుకే అనుభవమున్న మిక్సర్ ముందుగా గిటార్ల దగ్గరికే వెళతారు. ఎడమ కుడి వైపుల పొరలు పొరలుగా పేర్చిన గిటార్ ట్రాకుల్లో సుమారు 100 హెర్ట్జ్ కిందిభాగాన్ని వడపోతతో సన్నగా తీసేస్తే, ఆ గిటార్లు విడిగా వింటున్నప్పుడు పలచబడ్డట్టు తోచినా, అన్నీ కలిసి మోగినప్పుడు బేస్‌ను కూడా గిటార్‌లో భాగంగానే చెవి లెక్కేసుకుంటుంది కనుక మొత్తం మీద గిటార్ ఇంకా బరువుగా వినిపిస్తుంది. మెటల్ మిక్సింగ్‌లో కొత్తవారు నమ్మడానికి ఇష్టపడని రహస్యం ఇదొక్కటే.

ఈ ఆల్బమ్ విషయంలో అదృష్టం కూడా కొంత ఉంది. ఆ కాలపు మెటల్ గిటారిస్టులు ఎక్కువగా వాడిన మీసా బూగీ ఆంప్లిఫయర్ల ముందు పలక మీద 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్‌లకు ఒక్కొక్కటి చొప్పున ఐదు నిలువు మీటలుండేవి. అటు చివర ఇటు చివర మీటలను ఎత్తి నడిమి 750ని లోతుగా దించి, ‘వి’ అక్షరం ఆకారంలో వాటిని అమర్చుకోవడం అప్పట్లో ఒక వ్యసనంలా ఉండేది. మధ్య పౌనఃపున్యాలను తొలిచేసిన ఆ పోకడలోనే హెట్‌ఫీల్డ్ గిటార్ కూడా ఉందని, అది కింది పౌనఃపున్యాలను తినేసిందని ఆయనే ఇంటర్వ్యూల్లో అన్నారు. అయితే గిటార్ తొలిచి వదిలేసిన ఆ నడిమి ఖాళీయే బేస్ తిరిగి రావడానికి తగిన దారి. న్యూస్టెడ్ వేళ్లతో కాక పిక్‌తో మీటేవారు కనుక ఆయన వాద్యంలో 700 నుంచి 1000 హెర్ట్జ్‌ల మధ్య ఒక గుర్రుమనే నాదం సహజంగానే ఉంటుంది. బేస్ ట్రాకును రెండు ప్రతులుగా చేసుకుని, ఒకదాంట్లో అడుగు పౌనఃపున్యాలను నిలకడగా ఉంచి, రెండోదాన్ని కాస్త గరుకుపరిచి గిటార్ ఖాళీ చేసిన ఆ ప్రాంతంలో నిలబెడితే, ఫోను స్పీకరులో సైతం బేస్ వాయిస్తున్న స్వరాన్ని చెవి పోల్చుకోగలుగుతుంది. మెదడుకు ఇందులో ఒక నేర్పు తోడ్పడుతుంది. పై అనుస్వరాలు సరైన వరుసలో వినిపిస్తే వాటి అడుగున ఉండవలసిన ప్రాథమిక స్వరం నిజంగా మోగకపోయినా మోగినట్టే అది భావిస్తుంది.

డ్రమ్ముల సంగతి దీనికి ముడిపడి ఉంది. కాలితో వాయించే పెద్ద డ్రమ్మును కిక్ డ్రమ్ అంటారు. ఈ ఆల్బమ్‌లో అది ధన్‌మని మోగదు, టిక్కుమని కొడుతుంది, అంటే 60, 80 హెర్ట్జ్‌ల బరువు తక్కువ, 3000 నుంచి 5000 హెర్ట్జ్‌ల మధ్య కొసదెబ్బ ఎక్కువ. దాన్ని తప్పుపట్టేవారు మర్చిపోయే లెక్క ఒకటుంది. నిమిషానికి 200 బీట్ల వేగంలో రెండు కాళ్లతో బీటుకు నాలుగు చొప్పున కొడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య 75 మిల్లీసెకన్లే ఉంటాయి. 50 హెర్ట్జ్ శబ్దపు ఒక్క కంపనానికే 20 మిల్లీసెకన్లు పడతాయి కనుక, కిక్ దెబ్బ నిండుగా మోగి అణగడానికి పావు సెకను తీసుకుంటే మూడు దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దవుతాయి. వేగానికి స్పష్టత కావాలంటే టిక్కుమనే కొసదెబ్బ తప్పనిసరి. రీమిక్స్‌లో దాన్ని పోగొట్టకుండా, దానికింద కొంచెం బరువు మాత్రమే చేర్చి, కిక్ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తానే తగ్గేలా కంప్రెసర్ అనే పరికరాన్ని అమర్చితే, రెండూ ఒకే పట్టీలో ఉన్నా వంతులవారీగా వినిపిస్తాయి. పౌనఃపున్యంలో విడదీయడం కుదరని చోట కాలంలో విడదీసే ఉపాయం ఇది.

పాత టేపుల్లో మరొక దోషం తరచుగా కనిపిస్తుంది. బేస్‌ను సాధారణంగా రెండు మార్గాల్లో ఒకేసారి పట్టుకుంటారు: తీగ ద్వారా నేరుగా టేపుకు వెళ్లే సంకేతం ఒకటి, స్పీకరు ముందు పెట్టిన మైకు ద్వారా వచ్చేది ఇంకొకటి. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి మైకు ఒక మీటరు దూరంలో ఉంటే రెండో సంకేతం దాదాపు మూడు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండింటినీ కలిపినప్పుడు సుమారు 170 హెర్ట్జ్ దగ్గర ఒకదాని శిఖరం రెండోదాని లోయలో పడి ఆ పౌనఃపున్యం చాలావరకు చెరిగిపోతుంది. దీన్నే దశాభేదం అంటారు. నేటి కంప్యూటర్ తెర మీద రెండు తరంగాలనూ పక్కపక్కన పెట్టి ఆ మూడు మిల్లీసెకన్లు ఒకదాన్ని ముందుకు జరిపితే చాలు, ఫేడర్ ముట్టుకోకుండానే బేస్‌కు పోయిన ఒళ్లు తిరిగి వస్తుంది. రీమిక్స్‌లో వచ్చే మెరుగుదలలో ఇలాంటి నిశ్శబ్దమైన సవరణల వాటా చిన్నది కాదు.

ఇదే బృందం ఇరవై ఏళ్ల తర్వాత, 2008లో, విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వేరే రోగంతో వచ్చింది. డిజిటల్ శబ్దానికి దాటరాని పైకప్పు ఒకటుంటుంది. సగటు స్థాయిని ఆ కప్పు దగ్గరికి నెట్టుకుంటూ పోతే, పాటలో మెల్లని చోటికీ గట్టి చోటికీ మధ్య ఉండవలసిన తేడా కరిగిపోయి, డ్రమ్ము దెబ్బల శిఖరాలు కత్తిరించినట్టు తెగి చిటపటమంటాయి. పోటీ ఆల్బముల కన్నా గట్టిగా వినిపించాలన్న ఆరాటంతో సంగీత పరిశ్రమ రెండు దశాబ్దాలు ఈ పోరు నడిపింది. ‘గిటార్ హీరో’ అనే వీడియో ఆటలోకి వెళ్లిన అవే పాటల ప్రతిలో శిఖరాలు తెగకుండా ఉండటంతో శ్రోతలు రెండింటినీ పోల్చి చూసి, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయమని వేల సంతకాలతో విన్నపం పంపారు. మిక్సులు తన దగ్గరికి వచ్చేసరికే అలా నలిగి ఉన్నాయని మాస్టరింగ్ ఇంజనీరు టెడ్ జెన్సెన్ చెప్పినందువల్ల, అక్కడ రీమాస్టరింగ్ వల్ల లాభం లేదని, రీమిక్స్ ఒక్కటే మందని తేలిపోయింది. తెగిన శిఖరాన్ని తర్వాత అతికించలేరు. ఇప్పుడు స్ట్రీమింగ్ సేవలు అన్ని పాటలనూ ఒకే సగటు గట్టిదనానికి సరిచేసి వినిపిస్తున్నందున, నలిపిన పాటకు మిగిలేది నలుగుడే గాని గట్టిదనం కాదు.

రీమిక్స్‌కు అసలు ట్రాకులు దొరకాలి. 1970, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బంకగా మారుతుంది. అలాంటి టేపును నేరుగా తిప్పితే శబ్దం ఉన్న పూతే ఊడి వస్తుంది కాబట్టి, 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఒక్కసారి తిప్పి డిజిటల్‌లోకి ఎక్కించుకుంటారు. ట్రాకులు దొరకని చోట కృత్రిమ మేధ సాయంతో స్టీరియోలోంచే వాద్యాలను విడదీసే పద్ధతి ఈ మధ్య వచ్చింది. 2022లో బీటిల్స్ ఆల్బమ్ ‘రివాల్వర్’ను, ఒకే ట్రాకులో కలిసిపోయిన వాద్యాలను ఇలాంటి పద్ధతితోనే విడదీసి మళ్లీ మిక్స్ చేశారు. కాని గిటారూ బేసూ ఒకే స్వరాన్ని ఒకే క్షణంలో వాయించే మెటల్ పాటలో, 82 హెర్ట్జ్ దగ్గర ఉన్న శక్తిలో ఎంత గిటార్‌ది ఎంత బేస్‌ది అన్నది స్టీరియోను చూసి యంత్రం ఊహించవలసిందే. అభిమానులు సొంతంగా తయారుచేసి పంచుకునే ‘బేస్ వినిపించే’ ప్రతులను ఆ పరిమితి తెలిసి వినాలి. వాటిలో కొన్ని ఎవరో కొత్తగా వాయించి అతికించినవి.

రీమిక్స్ అయిన మెటల్ ఆల్బముల చరిత్ర చూస్తే ఫలితాలు ఒకే తీరుగా లేవు. బ్లాక్ సబ్బాత్ 1995 నాటి ‘ఫర్బిడెన్’ ఆల్బమ్‌ను గిటారిస్టు టోనీ అయోమీ స్వయంగా మళ్లీ మిక్స్ చేసి 2024లో విడుదల చేశారు. క్రేడిల్ ఆఫ్ ఫిల్త్ 1998 నాటి ‘క్రుయెల్టీ అండ్ ద బీస్ట్’లో డ్రమ్ముల శబ్దం పేలవంగా ఉందన్న ఫిర్యాదు 2019 నాటి కొత్త మిక్స్‌తో చాలావరకు తీరింది. మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ 2004లో తన పాత ఆల్బములను వరుసగా రీమిక్స్ చేసినప్పుడు, ‘రస్ట్ ఇన్ పీస్’లో కొన్ని గాత్ర ట్రాకులు దొరక్క మళ్లీ పాడవలసి రావడంతో పాత అభిమానులు రెండుగా చీలిపోయారు. స్వీడన్ బృందం మెషుగ్గా 2002 నాటి ‘నథింగ్’ను 2006లో తిరిగి తెచ్చినప్పుడు ఏకంగా గిటార్లనే మళ్లీ రికార్డు చేసింది. అన్నింటికన్నా వివాదం రేపినది ఓజీ ఓస్బోర్న్ తొలి రెండు సోలో ఆల్బముల 2002 ప్రతులు. వాటిలో అసలు బేస్, డ్రమ్ముల వాదనను తీసేసి వేరే వాద్యకారులతో కొత్తగా వాయించి చేర్చారు. శ్రోతలు దాన్ని క్షమించలేదు. 2011లో అసలు వాదనే తిరిగి సీడీల్లోకి వచ్చింది. ఉన్న ట్రాకులను బాగా వినిపించడం ఒక పని, లేనిది తెచ్చి పెట్టడం ఇంకో పని. రెండోదాన్ని రీమిక్స్ అని పిలవడమే తగదు.

‘జస్టిస్’ విషయంలో మెటాలికా సభ్యులు, రికార్డు అనేది అది పుట్టిన కాలపు ముద్ర గనుక దాన్ని సవరించడం తమకు సమ్మతం కాదన్న వైఖరి తీసుకున్నారు. ఆ మాటలో బలం లేకపోలేదు. ప్రతిధ్వని కూడా లేని ఆ ఎండు శబ్దం, ఎముకల్లా మిగిలిన గిటార్లు, న్యాయస్థానాల అన్యాయాన్ని, యుద్ధంలో అవయవాలు కోల్పోయిన సైనికుడి నిస్సహాయతను చెప్పే ఆ పాటలకు అమరినట్టే ఉంటాయి. ఆ తర్వాత 1991లో నిర్మాత బాబ్ రాక్‌తో చేసిన ఆల్బమ్‌లో బేస్ గిటార్‌ను అంటిపెట్టుకోక డ్రమ్ములతో కలిసి నడవడం వల్ల అదే న్యూస్టెడ్ ఎంత నిండుగా వినిపించారో చూస్తే, 1988 నాటి లోటులో మిక్సింగ్ వాటా ఎంతో, వరుసల కూర్పు వాటా ఎంతో అంచనా వేయవచ్చు. వరుసల కూర్పును ఏ రీమిక్సూ మార్చలేదు, మార్చకూడదు కూడా.

కాని కాలపు ముద్ర అన్న కారణం, పాత మిక్స్‌ను తుడిచేయకూడదనడానికి సరిపోతుంది గాని, దాని పక్కన కొత్తది ఉండకూడదనడానికి సరిపోదు. ఆల్బమ్ నిర్మాతల్లో ఒకరైన ఫ్లెమింగ్ రాస్ముసెన్ ఆ బేస్ ట్రాకులను విన్న కొద్దిమందిలో తానొకరినని, న్యూస్టెడ్ వాదన అద్భుతంగా ఉందని పలుమార్లు అన్నారు. 1988 మిక్స్‌ను ముట్టుకోకుండా మొదటి డిస్కులో ఉంచి, అవే ట్రాకుల నుంచి, ఏమీ కొత్తగా వాయించకుండా చేసిన మిక్స్‌ను రెండో డిస్కులో ఇవ్వడమే సరైన పద్ధతి. 2018 నాటి పునర్విడుదల పెట్టెలో పచ్చి మిక్సులకు, రిఫ్ టేపులకు, కచేరీ రికార్డింగులకు చోటు దొరికింది. ఆ రెండో డిస్కు మాత్రం అందులో లేదు.